టార్చిలైటు వెలుగులో రెండు కళ్లు

మలంచాలో అక్కావాళ్లింటి వరండాలో కూర్చుని టీ తాగుతుంటే, అయిదో తరగతి చదివే మేనకోడలు నోట్‌బుక్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పేజీ మధ్యలో నిలువుగా స్కేలుతో గీసిన గీత. ఎడమవైపు ‘నేల మీద బతికేవి’, కుడివైపు ‘నీళ్లలో బతికేవి’. ఏనుగు, జింక, పులి ఎడమవైపు చేరిపోయాయి. తిమింగిలం, షార్కు కుడివైపు వెళ్లాయి. పెన్సిలు ఒక్కచోట ఆగింది.

‘‘మావయ్యా, పోలార్ బేర్‌ని ఎటు రాయాలి?’’

నాలుగు కాళ్లున్నాయి, బొచ్చుంది, పిల్లల్ని మంచు గుహలో కంటుంది. ‘‘ఎడమవైపే’’ అన్నాను ధీమాగా. ‘‘కానీ అది తినేవన్నీ సముద్రంలోవే కదా? మా పుస్తకంలో ఉంది’’ అంది. పదిహేనేళ్లుగా విలేకరిగా పని చేస్తున్నవాణ్ని. మంత్రుల్ని ఇంత సూటిగా ప్రశ్న అడిగిన సందర్భాలు నాకు ఎక్కువ గుర్తులేవు. టీ గ్లాసు పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాను.

నిజానికి ఆ పిల్ల సందేహం పాతది. ఉత్తర ధ్రువం వైపు 1773లో ఓడ నడిపిన బ్రిటిష్ నౌకాదళ అధికారి కాన్‌స్టంటైన్ ఫిప్స్, మరుసటి ఏడాది తన యాత్రా గ్రంథంలో ఈ జంతువుకు ‘ఉర్సస్ మారిటిమస్’ అని శాస్త్రీయ నామం పెట్టాడు. అంటే సముద్రపు ఎలుగుబంటి. అమెరికా 1972లో సముద్ర క్షీరదాల రక్షణకు చట్టం చేసినప్పుడు తిమింగిలాలు, సీల్‌ల సరసన దీన్ని కూడా చేర్చింది. పుట్టేది ఎక్కడైనా, తిండి ఎక్కడి నుంచి వస్తుందన్న లెక్కనే చూశారు.

ఆ తిండి సంపాదించే తీరు చూస్తే ఆ లెక్క సరైనదేననిపిస్తుంది. ధ్రువపు ఎలుగుబంటికి ప్రధాన ఆహారం రింగ్డ్ సీల్. అది నీళ్లలో ఉన్నా ఊపిరి కోసం పైకి రావాల్సిందే. అందుకోసం పైన పరుచుకున్న మంచు పలకలో గోళ్లతో గీకి గీకి కొన్ని రంధ్రాలను మూసుకుపోకుండా కాపాడుకుంటుంది. ఎలుగుబంటి ఆ రంధ్రాన్ని వాసనతో పసిగట్టి దాని పక్కన కదలకుండా కాచుక్కూర్చుంటుంది. గంట కావచ్చు, అంతకు మించీ కావచ్చు. సీల్ మూతి పైకొచ్చిన క్షణంలో పంజా, పళ్లు రెండూ పని చేయాలి. తప్పిందా, మళ్లీ మరో రంధ్రం, మళ్లీ కాపలా. వసంతకాలంలో మరో పద్ధతి. సీల్ పిల్లలు మంచు కింద గూళ్లలో ఉంటాయి. ముందు కాళ్లతో ఎగిరి దూకి ఆ గూటి పైకప్పును బద్దలు కొడుతుంది. దొరికినదాంట్లో ముందు కొవ్వు తింటుంది. మిగిలిన మాంసం తరచూ ఆర్కిటిక్ నక్కల పాలవుతుంది.

శరీరం కూడా ఆ పనికి తగినట్టే తయారైంది. అడుగు వెడల్పుండే పాదాలు మంచు మీద బరువును పంచుతాయి, నీళ్లలో తెడ్లవుతాయి. ఈదేటప్పుడు ముందు కాళ్లు తోస్తాయి, వెనక కాళ్లు చుక్కాని పని చేస్తాయి. తెల్లగా కనిపించే వెంట్రుకలకు నిజానికి రంగు లేదు, వాటి కింది చర్మం నలుపు. అయితే ఇంత సరంజామా ఉన్నా, మంచు పలక లేకపోతే నడి సముద్రంలో సీల్‌ను వెంటాడి పట్టడం దానికి దాదాపు అసాధ్యం. కెనడాలోని హడ్సన్ అఖాతంలో వేసవిలో మంచు కరిగిపోగానే ఒడ్డుకు చేరి, మళ్లీ గడ్డకట్టేదాకా ఒంట్లో కొవ్వు మీదే బతుకుతుంది. చూలుతో ఉన్న ఆడవి ఎనిమిది నెలల దాకా ఉపవాసం ఉండగలవు. అంటే దానికి ఇల్లు నేలా కాదు, నీరూ కాదు. ఆ రెంటి మధ్య ఏటా ఏర్పడి ఏటా కరిగే ఒక పలక.

ఇదంతా చెబితే మేనకోడలు కళ్లు పెద్దవి చేసుకుని వింది. చివర్లో మరో ప్రశ్న వేసింది. ‘‘ఇలా రెండు వైపులా ఉండేవి మన దగ్గర లేవా మావయ్యా?’’

ఉన్నాయి. ఒకదాన్ని నేను ఆ పిల్ల ఈడులోనే చూశాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మా కుటుంబం ఇక్కడికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో అడుగుపెట్టింది. వర్క్‌షాపు వెలిసింది. దాంతోపాటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి జనం రైలెక్కారు. మా తాత అలా కలాసీగా వచ్చాడు. నాన్న అదే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. వేసవిలో మాత పూజ, ఇంట్లో ఆవకాయ, వీధిలో బెంగాలీ, స్టేషన్లో హిందీ. ఇదీ మా బతుకు. బెంగాల్‌లో మమ్మల్ని మద్రాసీలనేవారు. సెలవులకు శ్రీకాకుళం వెళ్తే ‘బెంగాలీవాళ్లొచ్చారు’ అనేవారు. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికారిక గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు మలంచాలో మా వీధివాళ్లు మిఠాయిలు పంచుకున్నారు. మా సంగతి ఏ గడిలోనూ కుదురుగా ఇమడదని చిన్నప్పుడే అర్థమైంది. అయినా నేనూ ఒక ప్రాణిని తప్పు గడిలోకి తోశాను.

1999 డిసెంబరు. నాకు పదేళ్లు. నాన్నతో కలిసి పని చేసే ఒక బెంగాలీ స్నేహితుడు, మేం కాకూ అని పిలిచే ఆయన, తమ ఊరికి రమ్మన్నాడు. హౌరా జిల్లాలో బాగ్నాన్ దగ్గర ఊరు. ఖరగ్‌పూర్‌లో లోకల్ ఎక్కితే కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది దాటగానే నేల స్వభావం మారిపోతుంది. ఎటు చూసినా చెరువులు, నీటి గుంటలు, వాటి మధ్య మనిషి కన్నా ఎత్తుగా జమ్ము, రెల్లు. ఆ ఊళ్లో దాదాపు ప్రతి ఇంటి వెనకా ఒక చేపల చెరువుంది. కొన్నాళ్లుగా రాత్రిపూట ఎవరో చేపలు ఎత్తుకుపోతున్నారని, ఒడ్డున సగం తిన్న రోహు తలలు కనిపిస్తున్నాయని ఊరంతా చెప్పుకుంటున్నారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక పెద్దలు చెరువు గట్టుకు బయల్దేరితే నేనూ వెంట పడ్డాను. కాకూ తన మూడు బ్యాటరీల టార్చిలైటు నా చేతికిచ్చాడు. అంత పెద్ద లైటు పట్టుకోవడం నాకదే మొదలు. నీళ్ల మీద అటూ ఇటూ తిప్పుతున్నాను. అవతలి గట్టు మీద, నీటి అంచున, రెండు కళ్లు పచ్చగా మెరిశాయి. వెలుగు నిలిపి చూశాను. బూడిద రంగు ఒళ్లు, దాని మీద నల్లటి మచ్చలు వరసగా, నుదుటి నుంచి మెడ దాకా చారలు, పొట్టి తోక. ఒక ముందు కాలు నీళ్లకు తాకీతాకనట్టు గాల్లో ఆగి ఉంది. వెలుగు పడినా వెంటనే పరిగెత్తలేదు. దాని చూపు నీళ్ల మీంచి నా వైపు తిరిగింది.

‘‘బాఘ్! బాఘ్!’’ అని అరిచాను. పులి, పులి అని.

తర్వాత జరిగింది రెండు మూడు నిమిషాల పని. ఊరు కర్రలతో పరిగెత్తుకొచ్చింది. ఒకవైపు చెరువు, మరోవైపు జనం. అది నీళ్లలో దూకి అవతలికి ఈదింది కూడా. అక్కడా మనుషులున్నారు. నేను టార్చిలైటు దాని మీంచి తీయలేదు. తీయకూడదని అనుకున్నాను. పులి తప్పించుకుంటే మనుషుల్ని తింటుంది కదా అన్నదే నా బుర్రలో ఉంది. కర్రల చప్పుడు ఆగాక దగ్గరకెళ్లి చూస్తే పెద్ద పిల్లంత ఉంది. ఎవరో పెద్దాయన వంగి చూసి ‘‘బాఘ్ కాదు, బాఘ్‌రోల్’’ అన్నాడు. అందరూ కాసేపు అలాగే నిలబడి, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

తిరుగు రైల్లో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. కోలాఘాట్ వంతెన మీదికి వచ్చాక, ‘‘పులని ఎందుకరిచావురా?’’ అన్నాడు.

‘‘పులిలాగే ఉంది కదా నాన్నా.’’

ఆయన కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

2012లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఫిషింగ్ క్యాట్‌ను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. అప్పుడు నేను విలేకరిగా కొత్త. ఆఫీసులో ఆ ఫొటో చూసి కుర్చీలో వెనక్కి వాలిపోయాను. నుదుటి మీద అవే చారలు, అదే పొట్టి తోక. కింద బెంగాలీ పేరు: బాఘ్‌రోల్. మామూలు జనం వాడే మరో పేరు మేఛో బిడాల్, చేపల పిల్లి. మన తెలుగు పత్రికలు నీటిపిల్లి అని రాస్తుంటాయి.

ఆ తర్వాత దాని గురించి దొరికినదల్లా చదివాను. పెంపుడు పిల్లికి రెట్టింపు ఉంటుంది. బాగా ఎదిగిన మగది 16 కిలోల దాకా తూగుతుంది. పిల్లులు నీళ్లంటే భయపడతాయన్న మన నమ్మకాన్ని ఇది లెక్కచేయదు. ఒంటి మీద బొచ్చు రెండు పొరలు. చర్మానికి అంటుకుని పొట్టిగా, ఒత్తుగా ఉండే లోపలి పొర నీటిని చర్మం దాకా రానివ్వదు. పైన పొడుగు వెంట్రుకలు. కాలి వేళ్ల మధ్య కొంత మేర పలచని చర్మం. మామూలు పిల్లి గోళ్లను పూర్తిగా లోపలికి ముడుచుకుంటుంది. దీని గోళ్లు ముడిచినా కొనలు బయటికే ఉంటాయి, జారే చేపను పట్టుకోవడానికి. ఈదేటప్పుడు పొట్టి తోక చుక్కానిలా ఉపయోగపడుతుంది. చేపలు, పీతలతోపాటు ఎలుకలు, పక్షులను కూడా వదలదు.

వేట తీరు చదువుతుంటే నాకు గట్టు మీద గాల్లో ఆగిన ఆ కాలు గుర్తొచ్చింది. నీటి అంచున ఒక రాయి మీదో, వాలిన కొమ్మ మీదో కదలకుండా కూర్చుంటుంది. అప్పుడప్పుడు పంజాతో నీటి ఉపరితలాన్ని మెల్లగా తడుతుంది. చేప దగ్గరికొస్తే విసురుతుంది, లేదా తలతో సహా నీళ్లలోకి దూకుతుంది. ధ్రువపు ఎలుగుబంటి మంచు రంధ్రం పక్కన చేసేదీ ఇదే కాపలా. ఒకటి అరటన్ను దాటే జంతువు, మరొకటి చంకలో పట్టేంత ప్రాణి. రెండూ నీళ్ల మీద చూపు పెట్టి నేల మీద కూర్చునేవే. నేను చూసినప్పుడు అది ఎవరి మీదికీ దూకబోవడం లేదు. చేప కోసం ఎదురుచూస్తోంది. అందుకే వెలుగు పడ్డా వెంటనే కదలలేదేమో.

దీనికి పేర్లు మొదట్నుంచీ అచ్చిరాలేదు. 1833లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఎడ్వర్డ్ బెన్నెట్ పెట్టిన జాతి నామానికి ‘పునుగుపిల్లి లాంటిది’ అని అర్థం. బాఘ్‌రోల్ అన్న పేరులో పులి దూరింది. పులిపిల్ల అనో చిరుత అనో పొరబడి కొట్టి చంపిన ఘటనలు బెంగాల్ పత్రికల్లో ఇప్పటికీ వస్తుంటాయి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే పులికున్నంత రక్షణతో ఇది ఉంది. తమాషా ఏమిటంటే ఆ చట్టం కూడా 1972లోనే వచ్చింది, అమెరికా సముద్ర క్షీరదాల చట్టం వచ్చిన ఏడాదే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ఈ రెండు జంతువులూ ఇప్పుడు ఒకే వరసలో ఉన్నాయి: ముప్పు ముంగిట ఉన్న జాతులు.

ఖరగ్‌పూర్ నుంచి దక్షిణానికి రైలెక్కే తెలుగువాళ్లు ఈ పిల్లి ఇలాకా మీదుగానే ప్రయాణం చేస్తారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇటు హౌరా చిత్తడి నేలలు. అటు ఒడిశాలో భితర్‌కనికా మడ అడవులు. ఆ తర్వాత బాలుగావ్ నుంచి రంభా దాకా ఎడమ కిటికీ పక్కనే సాగే చిల్కా సరస్సు. చిన్నప్పుడు ఆ నీళ్లు కనిపించగానే పొట్లం విప్పి పులిహోర తినడం మా ఇంటి ఆనవాయితీ. ఆ సరస్సు రెల్లులో కెమెరాలు పెట్టి లెక్కగట్టి, 176 ఫిషింగ్ క్యాట్‌లు ఉన్నాయని 2022లో ప్రకటించారు. మరో రాత్రి ప్రయాణం చేస్తే గోదావరి ముఖద్వారం. కాకినాడ పక్కన కోరింగ అభయారణ్యంలో 2018 గణన లెక్క 115.

కిందటి శీతాకాలంలో వేరే వార్త పని మీద కాకినాడ వెళ్లినప్పుడు ఒక పూట మిగిల్చుకుని కోరింగ చేరాను. 1978లో అభయారణ్యమైన ఈ 235 చదరపు కిలోమీటర్లకు పెద్ద చరిత్రే ఉంది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు ఇది. 1839 నవంబరు తుపానులో తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు మిగిలింది మడ అడవి. రోజుకు రెండుసార్లు సముద్రం కాల్వల్లోకి వచ్చిపోతుంది. పోటు సమయంలో చేప, రొయ్య, పీత అన్నీ చెట్ల వేళ్ల మధ్యకు వస్తాయి. ఆటు మొదలయ్యాక గుంటల్లో చిక్కుకున్నవి చిక్కుకుంటాయి. నీటిపిల్లికి భోజనం వడ్డించేది ఆ సమయమే. ధ్రువపు ఎలుగుబంటి రుతువుల్ని బట్టి బతికితే, ఇక్కడి పిల్లి ఆటుపోట్లను బట్టి బతుకుతుంది.

పొద్దున్నే ఆటు మీదున్నప్పుడు పడవ ఎక్కాను. నడిపే ఆయనకు అరవై ఏళ్లుంటాయి, చిన్నప్పట్నుంచీ ఈ కాల్వల్లోనే వేట. ఒక మలుపులో తెడ్డు ఆపి బురద వైపు చూపించాడు.

‘‘ఇదిగో సూడండి బాబూ, రాత్రి వచ్చెళ్లింది.’’

తడి బురద మీద గుండ్రటి అడుగులు, వరసగా నీళ్లలోకి. వేళ్ల ముందు సన్నగా గోళ్ల గుర్తులు కూడా. నీటి అంచున ఒకచోట అడుగులు ఒకదాని మీద ఒకటి పడి బురద నలిగి ఉంది. అక్కడ చాలాసేపు కూర్చున్నట్టుంది.

‘‘దీన్ని ఇక్కడేమంటారు?’’

‘‘మేం బావురుపిల్లంటామండి. ఆఫీసరుగార్లు నీటిపిల్లంటారు.’’

‘‘మీ వలలో చేపలు తీసుకుపోదా?’’

‘‘పోద్దండి. వల కూడా సింపేత్తాది. ఆ రోజుకి సంపాదన లేనట్టే.’’

‘‘కోపం రాదా మరి?’’

‘‘రాకేమండీ? మాదీ పొట్టే కదండీ.’’ కాసేపు తెడ్డు వేసి మళ్లీ అన్నాడు. ‘‘కానీ బాబూ, ఇది మానేసిన కాల్వలో మాకూ ఏం దొరకదండి. అది మాకు ముందే తెలుస్తాది.’’

చేపల చెరువు ఉన్న బాగ్నాన్ రైతుకు, వల వేసే కోరింగ వేటగాడికి మధ్య తేడా అక్కడే ఉందనిపించింది. ఒకరు చేప పిల్లల్ని కొని వదిలారు. వాటిని తిన్న పిల్లి వాళ్ల లెక్కలో దొంగ. రెండో ఆయనకు చేపనిచ్చేది అడవి. ఆ అడవిలో పిల్లి ఆయన కన్నా ముందునుంచీ ఉంది. అయితే చెరువు రైతును తప్పుపట్టడం సులువు కాదు. హౌరా జిల్లాలో పిల్లి బతికే జమ్ము, రెల్లు ప్రభుత్వ అభయారణ్యంలో లేవు, ఎక్కువగా ప్రైవేటు భూముల్లో ఉన్నాయి. ఆ రెల్లును తమలపాకు తోటల పందిళ్లకు పెంచి అమ్ముకున్నంతకాలం రైతుకూ పిల్లికీ ఇద్దరికీ గడిచింది. అదే నేలకు ఇటుక బట్టీ, గోడౌను, ప్లాట్లు ఎక్కువ ధర ఇస్తే రైతు ఎందుకు కాదంటాడు? రెల్లు పోయాక పిల్లికి మిగిలేది ఇళ్ల వెనక చెరువు. అక్కడ టార్చిలైటు పట్టుకుని ఎవరో ఒకరు ఉంటారు.

రాజనీతిశాస్త్రం ఎం.ఏ. చదివేటప్పుడు మా మాస్టారు ఒక మాట తరచూ చెప్పేవారు. ప్రభుత్వానికి లాఠీ కన్నా బలమైన ఆయుధం రిజిస్టరు, అందులో నీ పేరు ఎదురుగా ఏ మాట రాశారన్నదే నీ గతిని నిర్ణయిస్తుంది అని. చిత్తడి నేలల విషయంలో అది అక్షరాలా నిజమైంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ సాయంతో కేంద్రం 2000లో దేశంలోని బంజరు భూముల అట్లాస్ వెలువరించింది. అందులో నీరు నిలిచే చిత్తడి నేల కూడా ఒక రకం బంజరే. చేప పుట్టే చోటు, తుపాను అలను ఆపే చోటు, పిల్లి బతికే చోటు రిజిస్టరులో పనికిరాని నేల. పనికిరాని నేలను పనికొచ్చేలా చేస్తామని ఎవరు ముందుకొచ్చినా కాదనేవారుండరు.

కోస్తాంధ్రలో 1980లు, 90ల్లో వచ్చిన రొయ్యల చెరువుల వెల్లువ కథ ఇదే. సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతివి మినహా, తొలగించాలని తీర్పు చెప్పింది. చిల్కా, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల దాకా వద్దంది. అంతకు నెల రోజుల ముందే, నవంబరు 6న గోదావరి జిల్లాల మీద తుపాను విరుచుకుపడింది. మడ అడవి అడ్డున్న ఊళ్లకు, లేని ఊళ్లకు తేడా ఏమిటో తీరవాసులు ఇప్పటికీ చెబుతారు. అయినా 2005లో పార్లమెంటు కోస్తా ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం చేసి, రిజిస్ట్రేషన్ పద్ధతిలో ఆ చెరువులకు చట్టబద్ధమైన దారి చూపింది. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర పేదల ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లు కొట్టిన వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇల్లు అక్కర్లేదని ఎవరంటారు? కానీ తుపాను వచ్చే దారిలో, దాన్ని ఆపే చెట్లు కొట్టి ఇచ్చిన స్థలంలో ఎవరుంటారో కూడా అడగాలి కదా.

మరి పేరు సరిగా పెట్టినంత మాత్రాన సరిపోతుందా అంటే, అదీ లేదని ధ్రువపు ఎలుగుబంటే సాక్ష్యం. దాన్ని సముద్రపు జంతువని ఎప్పుడో గుర్తించారు. 1973 నవంబరులో ఓస్లోలో కెనడా, డెన్మార్క్, నార్వే, అమెరికా, సోవియట్ యూనియన్ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న రోజుల్లో అమెరికా, సోవియట్‌లు ఒక ఎలుగుబంటి కోసం ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం చిన్న విషయం కాదు. అప్పట్లో దానికి ముప్పు తుపాకీ. విచ్చలవిడి వేటకు కళ్లెం పడింది. కానీ కరిగిపోయే మంచు ఆ ఒప్పందంలో లేదు. 2008లో అమెరికా దీన్ని ముప్పున్న జాతిగా ప్రకటించినప్పుడు చూపిన కారణం తుపాకీ కాదు, మంచు. 2015లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 26,000 ఎలుగుబంట్లు ఉన్నాయి. వాటిని ఎవరూ చంపకపోయినా, కాపలా కూర్చునే పలక లేకపోతే అవి ఉండవు. పిల్లి సంగతీ అంతే. దాన్ని కర్ర నుంచి కాపాడటం ఒక పని. అది కూర్చునే గట్టును, రెల్లును, మడను కాపాడటం మరో పని. మన చట్టాలు మొదటిది రాసుకున్నాయి. రెండోదాన్ని ఇంకా బంజరు గడిలోనే ఉంచాయి.

ఆ సాయంత్రం వరండాలో ఇవన్నీ మేనకోడలికి చెప్పలేదు. కానీ బాగ్నాన్ చెరువు సంగతి చెప్పాను. పాతికేళ్ల తర్వాత, మొదటిసారి. టార్చిలైటు, పచ్చటి కళ్లు, గాల్లో ఆగిన కాలు, నా అరుపు, అన్నీ. లోపల అక్క గిన్నెల చప్పుడు ఆపి వింటున్నట్టుంది. నాన్న ఉంటే బాగుండేదనిపించింది. రైల్లో ఆయన అడిగిన ప్రశ్నకు ఇప్పుడైతే జవాబు చెప్పగలిగేవాణ్ని.

పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నోట్‌బుక్ తీసుకుని ధ్రువపు ఎలుగుబంటిని ఎడమ గడిలో కాకుండా, కుడి గడిలో కాకుండా, సరిగ్గా గీత మీద రాసింది. ఒక్కో అక్షరం సగం ఇటు, సగం అటు పడింది. దాని కింద ఫిషింగ్ క్యాట్ అని రాసింది. టీచరు మార్కులు వేస్తుందో లేదో తెలియదు.

రాసి తలెత్తి అడిగింది. ‘‘మావయ్యా, అప్పుడు నువ్వు పులి అని కాకుండా ఏమని అరవాల్సింది?’’

‘‘ఏమీ అరవకుండా లైటు ఆర్పేయాల్సిందమ్మా’’ అన్నాను.